అప్పుల ఒత్తిడిలోనూ, కొనుగోలు మోసాల్లోనూ ఉచిత న్యాయ సహాయం పొందే విధానం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఒక మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పు అనేక రూపాల్లో ఇంట్లోకి వస్తుంది. పెన్నా డెల్టాలో వరి వేసే రైతు ఎరువుల దుకాణంలో ఖాతా పెడతాడు. తీరం వెంట రొయ్యల చెరువులు చేసేవారు మేత డీలరు దగ్గర సంతకం చేసిన చెక్కులు ఉంచుతారు. పొగాకు రైతు బ్యారన్ కౌలుకూ, కూలీలకూ ప్రోనోటు రాసి డబ్బు తెస్తాడు. పట్టణంలో చిరుద్యోగి ఫోనులోని యాప్ ద్వారా, ఇల్లాలు మైక్రోఫైనాన్స్ గ్రూపు ద్వారా అప్పు తీసుకుంటారు. ఈ అప్పులన్నింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు కార్యాలయాలు ఉన్నాయి కాబట్టి, ఏ సమస్యకు ఏ గడప తొక్కాలో ముందుగా తెలిసి ఉండాలి. అంతకంటే ముఖ్యమైనది గడువు. న్యాయం తమ వైపు ఉండి కూడా, నోటీసు వచ్చిన రోజున కదలకపోవడం వల్ల కేసు పోగొట్టుకుంటున్న కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆ నష్టం పూర్తిగా తప్పించుకోగలిగినది కనుకనే ఇక్కడ గడువుల గురించి పదే పదే చెప్పవలసి వస్తోంది.

ముందు లెక్క రాయండి

వకీలు దగ్గరకు వెళ్లే ముందు ఒక తెల్లకాగితం మీద ప్రతి అప్పుకూ విడివిడిగా వివరాలు రాసుకోవాలి. ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నారు, కాగితంలో ఎంత రాశారు, చేతికి ఎంత వచ్చింది, వడ్డీ నూటికి ఎన్ని రూపాయలు, ఇంతవరకు ఏ తేదీల్లో ఎంత కట్టారు, దేనిమీద సంతకం పెట్టారు, అది ఖాళీదా నింపినదా, సాక్షులు ఎవరు, చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు ఏమిటి అన్న విషయాలు అందులో ఉండాలి. కాగితంలో లక్ష రాసి, మొదటి నెలల వడ్డీ పట్టుకుని చేతికి తక్కువ ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది కాబట్టి, చేతికి వచ్చిన మొత్తాన్ని తప్పకుండా వేరుగా రాయాలి.

వడ్డీ లెక్కను కూడా మీరే ఒకసారి కట్టి చూసుకోవాలి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. లక్ష రూపాయలకు మూడేళ్ల బారువడ్డీ 1,08,000 రూపాయలు, అంటే మొత్తం బాకీ 2,08,000 అవుతుంది. అదే అప్పుకు ఏటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకుంటూ పోతే మూడేళ్ల చివర బాకీ 2,51,545 రూపాయలకు చేరుతుంది. చేతికి ఒక్క రూపాయి కొత్తగా రాకుండానే 43,545 రూపాయలు పెరిగాయన్న మాట. నోటు తిరగరాసినప్పుడు పాత నోటు వెనక్కి తీసుకోకపోతే, ఒకే అప్పుకు రెండు నోట్లు అవతలి వ్యక్తి దగ్గర ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది.

కట్టే ప్రతి పైసాకూ ఆధారం ఉండాలి. వీలైనంతవరకు బ్యాంకు ఖాతా నుంచి గానీ యూపీఐ ద్వారా గానీ పంపడం మంచిది. నగదు ఇస్తే రసీదు తీసుకోవాలి, లేదా నోటు వెనుక జమ రాసి ఎదుటివారి చేత సంతకం చేయించి దాన్ని ఫోనులో ఫొటో తీసుకోవాలి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేయడం ఎంత ప్రమాదమో కూడా తెలియాలి. సంతకం చేసిన స్టాంపు కాగితాన్ని ఖాళీగా చేతిలో పెడితే, దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టుగానే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను భావిస్తుంది. పైగా నోటు ఉంటే డబ్బు ముట్టిందనే అదే చట్టంలోని 118వ సెక్షను మొదట అనుకుంటుంది. ముట్టలేదనో, తక్కువ ముట్టిందనో ఆధారాలతో చూపించే భారం సంతకం చేసినవారి మీద పడుతుంది. అందుకే పైన చెప్పిన కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోను సందేశాలు అంత విలువైనవి.

ఉచిత వకీలు ఎవరికి, ఎక్కడ

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, వరద, కరువు వంటి విపత్తుల బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. తక్కినవారికి ఆంధ్రప్రదేశ్‌లో వార్షికాదాయ పరిమితి 3 లక్షల రూపాయలు. ఆదాయం గురించి దరఖాస్తుదారు ఇచ్చే ప్రమాణ పత్రాన్ని సాధారణంగా అంగీకరించవచ్చునని చట్టమే చెబుతోంది కాబట్టి, సర్టిఫికెట్ లేదన్న కారణంతో వెనక్కి తగ్గనక్కరలేదు. మహిళ ఎంత ఆదాయం ఉన్నా అర్హురాలే అన్న విషయం చాలా ఇళ్లలో తెలియదు. భర్త పేర ఉన్న అప్పుకు తాను హామీ సంతకం చేసి నోటీసు అందుకున్న ఇల్లాలు తన తరఫున ఉచితంగా వకీలును కోరవచ్చు.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టుల ప్రాంగణంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. జిల్లా ప్రధాన న్యాయమూర్తి దానికి అధ్యక్షులు. రోజువారీ వ్యవహారాలు కార్యదర్శి హోదాలో ఉన్న న్యాయాధికారి చూస్తారు. కావలి, కోవూరు, ఆత్మకూరు, గూడూరు, దర్శి, మార్కాపురం, గిద్దలూరు వంటి కోర్టు ఉన్న పట్టణాల్లో మండల న్యాయసేవాధికార కమిటీలు పనిచేస్తాయి. కార్యాలయానికి వెళ్లలేనివారు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. తెల్లకాగితం మీద దరఖాస్తు, ఆధార్ నకలు, వచ్చిన నోటీసు నకలు ఉంటే చాలు. సంస్థ ప్యానెల్ న్యాయవాదిని నియమిస్తుంది. ఆయనకు రుసుము సంస్థే చెల్లిస్తుంది కాబట్టి, విడిగా డబ్బు అడిగితే ఇవ్వకుండా కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పాలి. కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు కూడా ఈ సహాయంలో భాగమే.

అప్పు వ్యవహారాన్ని పోలీసు స్టేషన్‌లో తేల్చుకుందామని పిలిచేవారు ఉంటారు. ఇచ్చిపుచ్చుకున్న బాకీ వసూలు చేసిపెట్టే అధికారం పోలీసులకు లేదు. అది సివిల్ కోర్టు పని. స్టేషన్‌లో గానీ పెద్దమనుషుల ముందు గానీ కొత్త నోటు మీద, కొత్త చెక్కు మీద సంతకం చేయమంటే, న్యాయవాదిని అడిగి చెబుతానని మర్యాదగా చెప్పి రావడం శ్రేయస్కరం. అలాంటి చోట ఒత్తిడి జరిగితే సోమవారం నాడు జిల్లా ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ఎదుటివారు కొడతామని, పరువు తీస్తామని బెదిరిస్తే మాత్రం అది నేరం. భారతీయ న్యాయ సంహితలో బెదిరింపునకు 351వ సెక్షను, బలవంతపు వసూలుకు 308వ సెక్షను ఉన్నాయి.

కోర్టు కాగితం వచ్చిన రోజు

కోర్టు అమీనా సమన్లు తెచ్చినప్పుడు తీసుకోకుండా తప్పించుకోవడం వల్ల కేసు ఆగదు. సమన్లను తలుపుకు అంటించి అందినట్టుగా పరిగణిస్తారు, తర్వాత మీ వాదన వినకుండానే ఏకపక్షంగా డిక్రీ (బాకీ కట్టమనే కోర్టు తీర్పు) వస్తుంది. కాబట్టి తీసుకుని, తేదీ రాసుకుని, అదే వారంలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. డబ్బు దావాలో జవాబు దాఖలు చేయడానికి సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే కోర్టు దాన్ని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. ఏకపక్ష డిక్రీ ఇప్పటికే వచ్చి ఉంటే, దాన్ని రద్దు చేయమని కోరడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజులు ఉంటాయి. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కిస్తారు.

న్యాయవాదితో తప్పక చర్చించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటు మీద దావాకు గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఆ గడువు లోపల వడ్డీ గానీ అసలు గానీ కొంత కట్టి మీ చేతిరాతతో లేదా సంతకంతో జమ రాస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొందరు గడువు ముగిసే ముందు చిన్న మొత్తం జమ రాసినట్టు సంతకం కోరేది ఇందుకే. ఆ సంతకం మీది కాకపోతే, లేదా డబ్బు కట్టకుండానే రాయించుకుని ఉంటే, జవాబులో మొదటే స్పష్టంగా చెప్పాలి. తర్వాత చెబితే నమ్మరు.

రైతులు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం వచ్చింది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కాబట్టి ఆ చట్టం జిల్లా కంటే పాతది. వ్యవసాయదారు ప్రైవేటు వ్యక్తుల దగ్గర చేసిన అప్పు మీద వడ్డీని తగ్గించే వీలు దాని కింద ఉంది. ఆ చట్టం ప్రయోజనం కోరుతున్నామని జవాబులో రాసి, పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ వంటి ఆధారాలు జతచేయాలి. అధిక వడ్డీని తిరగదోడే అధికారం 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కూడా కోర్టుకు ఇస్తోంది. అసలు బాకీ నిజమే అయినా వడ్డీ మీద పోరాడవచ్చునన్న సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చాలా కుటుంబాలను ముంచుతున్నది వడ్డీయే.

డిక్రీ వచ్చినంత మాత్రాన అన్నీ జప్తు చేయడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, రైతు అయితే వ్యవసాయ పనిముట్లు, సాగుకు అవసరమైన పశువులు, విత్తనాలు, రైతు కాపురమున్న ఇల్లు, వృత్తిదారు పనిముట్లు జప్తు నుంచి మినహాయింపు పొందుతాయి. డబ్బు డిక్రీ అమలులో మహిళను అరెస్టు చేయకూడదని 56వ సెక్షను చెబుతోంది. చెల్లించే శక్తి లేనివారిని కేవలం బాకీ ఉన్నందుకు జైలుకు పంపడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు ఇచ్చింది.

ఇంటి పెద్ద చనిపోతే అప్పులవాళ్లు కర్మకాండలు ముగియకముందే భార్య చేత, కొడుకు చేత కొత్త నోటు రాయించుకోవాలని చూస్తారు. రాయవద్దు. చనిపోయిన వ్యక్తి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి విలువ మేరకే బాధ్యులు. తమ సొంత సంపాదన నుంచి కట్టవలసిన పని లేదు. కొత్త నోటు మీద సంతకం పెడితే ఆ రక్షణ పోయి, అది వారి సొంత అప్పుగా మారిపోతుంది. బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ అప్పు అయితే, దానితో పాటు బీమా ప్రీమియం పట్టుకున్నారేమో స్టేట్‌మెంటులో చూడాలి. పట్టుకుని ఉంటే బీమా సొమ్ముతోనే బాకీ తీరే అవకాశం ఉంది.

చెక్కు కేసు వేరు, దానిలో గడువులు ఇంకా బిగువుగా ఉంటాయి. చెక్కు వెనక్కి వచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల లోపు ఎదుటివారు మీకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు చెల్లిస్తే కేసు ఉండదు. చెల్లించకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లో వారు ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడే నేరం కాబట్టి నోటీసును పక్కన పడేయకూడదు. హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కును ఎక్కువ మొత్తానికి నింపారని మీ వాదన అయితే, ఆ 15 రోజుల్లోనే న్యాయవాది ద్వారా జవాబు నోటీసు పంపాలి. రొయ్యల మేత ఖాతాలో ఇచ్చిన చెక్కులకు ఇది మరీ అవసరం. డీలరు ఖాతా నకలును ప్రతి పంట తర్వాత సంతకంతో తీసుకునే అలవాటు ఉంటే, బాకీ నిజానికి ఎంతో కోర్టుకు చూపించగలుగుతారు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, గ్రూపు రుణాలు

వీటిపై రిజర్వు బ్యాంకు నియమాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు. మైక్రోఫైనాన్స్ రుణాలకు ఆ వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. మైక్రోఫైనాన్స్ సిబ్బంది ముందుగా అనుకున్న చోటనే వాయిదా వసూలు చేయాలి. వరుసగా రెండు సార్లు లేదా అంతకంటే ఎక్కువ సార్లు సభ్యురాలు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. తిట్టడం, బంధువులకు ఫోను చేయడం, ఇంటి ముందు బైఠాయించడం నిషిద్ధం. కుటుంబం నెలవారీ ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండేలా 2022 ఏప్రిల్ తర్వాత కొత్త మైక్రోఫైనాన్స్ రుణం ఇవ్వకూడదు కూడా. ముందుగా కట్టేస్తే అపరాధ రుసుము లేదు. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లను రాత్రి వరకు కూర్చోబెట్టే పద్ధతికి ఈ నియమాల్లో ఎక్కడా చోటు లేదు.

వాయిదా ఆలస్యమైతే వేసే అపరాధ మొత్తాన్ని వడ్డీ రేటుకు కలపకూడదని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో వచ్చిన ఆదేశం చెబుతోంది. 2024 అక్టోబరు నుంచి వ్యక్తులకిచ్చే (రిటైల్) రుణాలన్నింటికీ, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో కూడిన ముఖ్య వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో ఇవ్వమని అడగండి.

ఈ నియమాలు మీరినప్పుడు మొదట ఆ బ్యాంకు లేదా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు లేదా ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ ఉంది, చండీగఢ్‌లోని కేంద్రానికి తపాలా ద్వారా కూడా పంపవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. ఖర్చు ఏమీ లేదు. మొదటి మెట్టు దాటి నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళితే తిప్పి పంపుతారు.

ఇంటి మీద గానీ స్థలం మీద గానీ అప్పు ఉండి, సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు ఇచ్చేది) కింద 60 రోజుల నోటీసు వస్తే దాన్ని చదివించి, అభ్యంతరాలు రాసి పంపాలి. బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. స్వాధీన చర్య మొదలైతే రుణ వసూలు ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులే ఉంటాయి. వ్యవసాయ భూమి మీద తనఖాకు ఆ చట్టం వర్తించదు. పాసుపుస్తకం, అడంగల్ చూపించి ఆ అభ్యంతరాన్ని మొదటి జవాబులోనే ఎత్తాలి. వాయిదాల మీద కొన్న ఆటోను, ట్రాక్టరును దారిలో ఆపి బలవంతంగా లాక్కుపోవడం కూడా చట్టసమ్మతం కాదు; అలా జరిగితే వెంటనే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు దగ్గర ఉంచుకోవాలి.

రుణ యాప్‌ల విషయంలో ఆలస్యం అసలే పనికిరాదు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం యాప్ మీ ఫోనులోని పరిచయాల జాబితాను, ఫొటోలను తీసుకోకూడదు. తీసుకుని, మార్ఫింగ్ చేసిన బొమ్మలు బంధువులకు పంపుతామని బెదిరిస్తే 1930కి ఫోను చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించాలి. సందేశాలను, నంబర్లను స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి, చెరిపేయకూడదు. పరువు పోతుందన్న భయంతో మరో యాప్‌లో అప్పు తీసి కట్టడం మొదలుపెడితే ఆ గొలుసు ఆగదు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మనసు బొత్తిగా నిలవకపోతే 14416 నంబరులో మానసిక ఆరోగ్య సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. అది కూడా సహాయమే, దానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

కొన్న సరుకు, పొందిన సేవ: వినియోగదారుల కమిషన్

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. కంపెనీ చెన్నైలో ఉన్నా ముంబైలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. మీరే హాజరై మాట్లాడవచ్చు. గడువు మాత్రం వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు.

బ్యాంకు సేవాలోపం, బీమా క్లెయిము తిరస్కరణ, ఆసుపత్రి నిర్లక్ష్యం, ప్లాటు ఇవ్వని రియల్ ఎస్టేట్ సంస్థ, ఎమ్మార్పీ కంటే ఎక్కువ వసూలు ఇవన్నీ ఇక్కడికి వస్తాయి. బీమాకు హైదరాబాదులో ప్రత్యేక అంబుడ్స్‌మన్ ఉన్నారు, కరెంటు బిల్లుల వివాదాలకు డిస్కంల ఫిర్యాదుల వేదికలు ఉన్నాయి. రిజిస్టరైన చిట్టీల వివాదాలు చిట్స్ రిజిస్ట్రారు దగ్గర తేలాలి.

మన జిల్లాల్లో ఎక్కువగా పనికివచ్చేది విత్తనాల విషయం. రైతు వ్యాపారం కోసం విత్తనం కొన్నాడు కాబట్టి వినియోగదారు కాడని కంపెనీలు వాదించేవి. తెలుగు రైతులు వేసిన కేసుల్లోనే, 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడేనని, కొన్న విత్తనమంతా విత్తేసిన రైతు పరీక్ష కోసం నమూనా దాచిపెట్టాలని ఆశించలేమని చెప్పింది. అయినా జాగ్రత్తపడటం మేలు. సంచిలో గుప్పెడు విత్తనం, లాట్ నంబరు ఉన్న లేబులు, బిల్లు మూడూ దాచాలి. మొలక రాకపోయినా, మిరపలో కేళీలు (వేరే రకం మొక్కలు) కనిపించినా, చేను దున్నేయకముందే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలిపి పంచనామా కోరాలి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల చేత చేను చూపించమని అందులో అడగాలి. చేను దున్నాక రాసే నివేదికకు బలం ఉండదు.

ఫిర్యాదుకు ముందు 1915 జాతీయ హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే కొన్ని వివాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి. బోరు మోటారు కాలిపోయిన సందర్భానికి నోటీసు ఇలా ఉండవచ్చు:

"ఫలానా తేదీన మీ దుకాణంలో, ఫలానా నంబరు బిల్లుపై, ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారును 38,000 రూపాయలకు కొన్నాను. దానికి ఏడాది వారంటీ ఉంది. బిగించిన రెండో నెలలోనే అది కాలిపోయింది. ఫలానా తేదీన మీకు అప్పగించగా రసీదు ఇచ్చారు గానీ, ఇంతవరకు బాగు చేయలేదు, కొత్తది ఇవ్వలేదు. నీరు అందక నా రెండెకరాల పైరు దెబ్బతిన్నది. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో కొత్త మోటారు ఇవ్వాలని లేదా సొమ్ము తిరిగి చెల్లించాలని, పైరు నష్టానికి పరిహారం ఇవ్వాలని కోరుతున్నాను. లేనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

ఇదే వరుసలో ఫిర్యాదు రాసి, చివర ఏమేమి కోరుతున్నారో అంకెలతో స్పష్టంగా చెప్పి, బిల్లు, వారంటీ కార్డు, నోటీసు, పోస్టు రసీదు, ప్రమాణ పత్రం జతచేయాలి. దుకాణదారుతో పాటు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చడం మంచిది. ఒకరి మీద ఒకరు తోసుకునే వీలు తగ్గుతుంది. వాట్సాప్ సందేశాలు, కాల్ రికార్డులు ఆధారంగా ఇస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతపరచాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ప్రతివాదికి జవాబుకు 30 రోజులు, కోరితే మరో 15 రోజులు మాత్రమే ఉంటాయి. అంతకు మించి పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది కాబట్టి, ఆ తేదీ దాటితే మీరే కమిషన్ దృష్టికి తేవాలి. ఉత్తర్వుపై విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. గెలిచినా డబ్బు ఇవ్వకపోతే 71, 72 సెక్షన్ల కింద అమలు పిటిషన్ వేయాలి. ఉత్తర్వును ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

రాజీ కుదిరితే

న్యాయసేవాధికార సంస్థ రాజీ కోసం నడిపే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. ఇప్పటికే కేసులో కట్టి ఉంటే తిరిగి వస్తుంది. కేసు వేయకముందే కూడా అప్పు వివాదాన్ని అక్కడికి తీసుకెళ్లమని న్యాయసేవాధికార సంస్థను కోరవచ్చు. అయితే అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అందుచేత అవార్డు కాగితం మీద సంతకం చేసే ముందు మొత్తం, వాయిదాల తేదీలు, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందన్న షరతు చదివించుకుని, కట్టగలిగినంతకే ఒప్పుకోవాలి. ఆశకొద్దీ పెద్ద వాయిదాకు ఒప్పుకుని తప్పితే, మినహాయింపు పోయి మొత్తం బాకీ మీద పడే షరతులు ఉంటాయి.

బాకీ తీరిన రోజున పని సగమే అయినట్టు. ప్రోనోటు వెనుక "అసలు, వడ్డీ పూర్తిగా ముట్టినవి" అని తేదీతో రాయించి, సంతకం చేయించి, నోటును, హామీ చెక్కులను వెనక్కి తీసుకోవాలి. బ్యాంకు అయితే బాకీ లేదన్న పత్రం అడగాలి. ఆస్తి కాగితాలను పూర్తి చెల్లింపు జరిగిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి; ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి నియమం ఉంది. తనఖా రిజిస్టరై ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దాన్ని రద్దు చేయించి, కొత్తగా ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాల వివరాలు చూపే పత్రం) తీసి తనఖా తొలగిందో లేదో చూసుకోవాలి. రెండు మూడు నెలలు ఆగి సిబిల్ నివేదికలో (మీ అప్పుల చరిత్ర చూపే పత్రంలో) కూడా ఖాతా ముగిసినట్టు నమోదైందేమో చూసి, కాకపోతే బాకీ లేదన్న పత్రం నకలు జతచేసి బ్యాంకుకు రాయాలి.